టార్క్ ఇచ్చిందెవరు, పట్టుకున్నదెవరు?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రివ్యూకి వెళ్లినవాళ్లందరికీ ఈ స్లైడు తెలుసు. నీలం నుంచి ఎరుపు దాకా రంగులు పూసుకున్న ఒక షాఫ్టు. పక్కన మాగ్జిమమ్ స్ట్రెస్ ఇంత, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఇంత, కాబట్టి డిజైన్ సేఫ్. ఎలిమెంట్లు ఎన్ని, నోడ్లు ఎన్ని, సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ అన్నీ ఉంటాయి. ఆ షాఫ్టు మీద టార్క్ ఎలా వేశారని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. ఎవరైనా అడిగితే "మూమెంట్ అని ఆప్షన్ ఉంది సార్, వాల్యూ ఇచ్చాం" అంటాం. చప్పట్లు, తర్వాతి బ్యాచ్.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. ఫైనైట్ ఎలిమెంట్ మోడల్‌లో టార్క్ వేసే ముందు మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయాలి. టార్క్ ఎవరిస్తున్నారు? ఎవరు పట్టుకుంటున్నారు? ఏ క్షణంలో? ఈ మూడూ రాయని ప్రాజెక్టు రిపోర్టును గైడ్ దగ్గర సంతకానికి కూడా పెట్టకూడదు. రంగుల బొమ్మ ఆ తర్వాత సంగతి.

ఇది చాదస్తం అనిపిస్తుందేమో. చాదస్తం కాదని చూపించడానికి ఫార్ములా వన్ కార్ల దాకా, జెట్ ఇంజిన్ల దాకా పోనక్కర్లేదు. మా నల్లమాడ బోరుబావి చాలు.

బోరులో ఏం జరుగుతుంది

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నల్లమాడ కదిరికీ పుట్టపర్తికీ మధ్య ఉంటుంది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఎర్రనేల, కింద గట్టి రాయి, చెనక్కాయ పంట, ఎప్పుడొస్తుందో తెలియని వాన. నీళ్లు ఉంటే రాతి పగుళ్లలో ఉంటాయి, లేకపోతే లేవు. అందుకే వందల అడుగులు బోరు వేస్తారు. తమిళనాడు తిరుచెంగోడు రిగ్గులు మా వైపు జనానికి చుట్టాల బండ్లంత పరిచయం.

ముందు ఆ రిగ్గునే చూద్దాం. పైనున్న రోటరీ హెడ్ రాడ్లను తిప్పుతుంది. అడుగున బిట్‌ను రాయి అడ్డుకుంటుంది. ఆ అడ్డు రాడ్ల గుండా పైకి వచ్చి మాస్టు మీద, మాస్టు నుంచి లారీ మీద, లారీ జాకీల గుండా నేల మీద పడుతుంది. ఇచ్చేది హెడ్, పట్టుకునేది ఒకవైపు రాయి, ఇంకోవైపు నేల. అన్నీ కళ్లకు కనిపిస్తాయి. డ్రిల్ రాడ్డుకి మోడల్ చేస్తే ఒక చివర టార్క్, రెండో చివర అడ్డు. సందేహం లేదు.

ఇప్పుడు రిగ్గు వెళ్లిపోయింది, నీళ్లు పడ్డాయి, 5 హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు దించారు అనుకుందాం. ఆరున్నర అంగుళాల బోరు. మోటారు అడుగున, దాని మీద పంపు, దాని మీద 200 మీటర్ల పైపు, పైన బోరు మూతి దగ్గర క్లాంపు. పక్కనే వైరు, చాలాచోట్ల ఒక నైలాన్ తాడు కూడా. పైపు ఊడినా మోటారు బోరులో పడిపోకుండా ఆ తాడు. మోటారు దించేవాళ్లు టార్క్ అనే మాట వాడకపోవచ్చు. కానీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ పైపు ఒక ఉలుకు ఉలుకుతుందని వాళ్లకు తెలుసు. పైపు తిరగకుండా పంపు మీద బోరు గోడకు ఒరుసుకునే రబ్బరు టార్క్ అరెస్టర్ తొడగడం కూడా కొందరికి తెలుసు.

దీన్ని మనం ప్రాజెక్టుగా తీసుకున్నామనుకోండి. టైటిల్ కూడా సిద్ధం: బోరు పైపు టార్షనల్ అనాలిసిస్. మనలో ఎక్కువమంది ఏం చేస్తాం? పవర్‌ని కోణీయ వేగంతో భాగిస్తాం. 5 హార్స్‌పవర్ అంటే 3.73 కిలోవాట్లు. నిమిషానికి 2880 చుట్లు అంటే సెకనుకు సుమారు 301.6 రేడియన్లు. టార్క్ సుమారు 12.4 న్యూటన్ మీటర్లు. పైపు పై చివర ఫిక్స్, కింది చివర 12.4 మూమెంట్, సాల్వ్. బొమ్మ వచ్చేస్తుంది.

ఆ బొమ్మ ఏ క్షణానిదో ఆలోచించండి. మోటారు హాయిగా తిరుగుతూ, నీళ్లు పోస్తూ ఉన్నప్పటిది అంటారా? ఆ క్షణంలో పైపు మీద 12.4 న్యూటన్ మీటర్లు ఉండనే ఉండవు.

ఎందుకు ఉండవు

మోటారు లోపల స్టేటర్ రోటర్‌ను ఒక దిక్కుకు తిప్పుతుంది. కాబట్టి మోటారు బాడీ మీద అంతే టార్క్ ఎదురు దిక్కుకు పడుతుంది. ఇక్కడి దాకా అందరం చెప్తాం. కానీ కథ అక్కడ ఆగదు. రోటరు షాఫ్టు పంపులోని ఇంపెల్లర్లను తిప్పుతుంది, ఇంపెల్లర్లు నీటిని సుడి తిప్పుతాయి. ఆ సుడి నీళ్లు పంపు బౌల్‌లోని కదలని రెక్కలకు తగులుతాయి. ఆ రెక్కల పనే సుడిని తీసేసి నీటిని నిటారుగా పైకి పంపడం. అంటే బౌల్ మీద నీళ్లు దాదాపు అదే టార్క్‌ను ముందు దిక్కుకు వేస్తాయి. మోటారు బాడీ, పంపు బౌల్ రెండూ బోల్టులతో ఒకటే ముక్క. ఒకటి వెనక్కి 12.4, ఇంకొకటి ముందుకి దాదాపు 12.4. రెండూ అక్కడికక్కడే చెల్లు. బండిలో కూర్చుని ఆ బండినే లోపలి నుంచి తోసినట్టు. ఎంత తోసినా బండి కదలదు, దాన్ని కట్టిన తాడుకి తెలియను కూడా తెలియదు.

నీళ్లు సుడి లేకుండా లోపలికి వచ్చి, సుడి లేకుండా బయటికి పోతే, మోటారు, పంపు, నీళ్లు మొత్తం కలిపి చూసినప్పుడు బయటి నుంచి పట్టుకోవాల్సిన టార్క్ సున్నా. కోణీయ ద్రవ్యవేగం నిత్యత్వం. ఇంటర్‌లో చదువుకున్నదే. బయటికి పోయే నీళ్లలో కొంచెం సుడి మిగిలితే ఆ కొంచెమే పైపు మీద పడుతుంది.

మరి ఆ ఉలుకు ఎక్కడిది? స్టార్టింగ్‌ది. స్విచ్ వేసిన క్షణంలో నీళ్లింకా కదల్లేదు. బౌల్ రెక్కలకు ఏమీ తగల్లేదు. స్టేటర్ ఇచ్చే టార్క్ అంతా రోటర్‌ని వేగం పట్టించడానికే పోతుంది. మోటారు బాడీని వెనక్కి తిప్పే టార్క్‌ని చెల్లు వేసేవాళ్లు లేరు. అప్పుడు పట్టుకోవాల్సింది పైపే. ఆఫ్ అయినప్పుడు తిరగబడుతుంది. స్టేటర్ టార్క్ ఒక్కసారిగా పోయింది, కానీ రోటరూ నీళ్లూ ఇంకా తిరుగుతూనే బౌల్‌ని ముందుకి తోస్తున్నాయి. ఈసారి పైపు రెండో దిక్కుకు మెలి తిరుగుతుంది.

మొత్తం లెక్క ఇదీ. ఆన్ అయినప్పుడు ఒక దిక్కు, నడుస్తున్నప్పుడు దాదాపు ఏమీ లేదు, ఆఫ్ అయినప్పుడు ఇంకో దిక్కు. పైపు మరలు ఏ చేతివైపువైనా సరే, ఈ రెండు కుదుపుల్లో ఒకటి బిగిస్తుంది, ఇంకొకటి వదులు చేయడానికి చూస్తుంది. కరెంటు పోతూ వస్తూ ఉండే చోట, ఆటో స్టార్టర్ పెట్టుకున్న బోరుకు, ఈ బిగింపూ వదులూ రోజుకు ఎన్నిసార్లో లెక్కేయండి. మోటారు ఎన్ని గంటలు నడిచిందన్నది కాదు, ఎన్నిసార్లు ఆగి మొదలైందన్నది ఆ జాయింటు ఆయుష్షును నిర్ణయిస్తుంది.

పైన వేసిన ఫిక్స్-మూమెంట్-సాల్వ్ మోడల్‌లో ఈ సంగతి ఒక్క ముక్కయినా కనిపిస్తుందా? సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. ఆ ప్రశ్న ఈ బోరుకు సంబంధించింది కాదు, అంతే.

పైపు 470 మిల్లీమీటర్లు ఉబ్బింది

సరే, స్టార్టింగ్ క్షణానికే వేద్దాం, తేలిక కోసం అదే 12.4 అంకె ఉంచుకుందాం. నిజానికి స్టార్టింగ్ టార్క్ ఎంతో మోటారు క్యాటలాగ్ చూసి తీసుకోవాలి. రెండు అంగుళాల జీఐ పైపు, బయటి వ్యాసం 60 మిల్లీమీటర్లు, గోడ 3.6 మిల్లీమీటర్లు. చేత్తో లెక్క వేస్తే షియర్ స్ట్రెస్ 0.7 మెగాపాస్కల్ చుట్టుపక్కల వస్తుంది. మైల్డ్ స్టీలు యీల్డ్ కావాలంటే వంద దాటాలి. 200 మీటర్ల పొడవునా మెలి కోణం సుమారు మూడున్నర డిగ్రీలు. అదే పైపు తన బరువునీ లోపలి నీళ్ల బరువునీ మోసే స్ట్రెస్ 20 మెగాపాస్కల్ చుట్టుపక్కల ఉంటుంది. అంటే మనం టైటిల్‌లో పెట్టుకున్న టార్షన్ వల్ల ఈ పైపు తెగే ప్రశ్నే లేదు. ఈ విషయం రెండు నిమిషాల్లో కాగితం చెప్పింది. లక్ష ఎలిమెంట్లతో రెండు గంటలు సాల్వ్ చేసినా అదే చెప్తుంది.

ఇప్పుడు జీఐ తీసేసి నల్ల హెచ్‌డీపీఈ పైపు పెట్టండి. చాలామంది రైతులు దానికే మారారు, తేలిక కాబట్టి. బయటి వ్యాసం 63, గోడ 8.6 మిల్లీమీటర్లు, షియర్ మాడ్యులస్ 300 మెగాపాస్కల్ అనుకుందాం. అదే టార్క్‌ను స్టాటిక్‌గా వేస్తే మెలి కోణం 7.4 రేడియన్లు వస్తుంది. ఒక పూర్తి చుట్టు దాటి ఇంకా అరవై డిగ్రీల పైన.

అసలు తమాషా ఇక్కడ ఉంది. సాఫ్ట్‌వేర్‌లో లార్జ్ డిఫ్లెక్షన్ ఆన్ చేయకుండా మామూలు లీనియర్ అనాలిసిస్ చేసి, బొమ్మను నిజం స్కేల్‌లో చూస్తే పైపు అడుగున ఉబ్బి కనిపిస్తుంది. ఎందుకంటే లీనియర్ లెక్క ప్రతి బిందువునూ గుండ్రంగా తిప్పదు, స్పర్శరేఖ వెంబడి నేరుగా తోసేస్తుంది. కోణం చిన్నదైతే ఆ తేడా కంటికి ఆనదు. 7.4 రేడియన్లకు వ్యాసం దాదాపు ఏడున్నర రెట్లవుతుంది. 63 మిల్లీమీటర్ల పైపు 470 మిల్లీమీటర్లు! బోరే 165 మిల్లీమీటర్లు. పైపు బోరు కంటే లావైపోయింది, అయినా కలర్ ప్లాట్ మాత్రం చక్కగా వచ్చింది, ఎర్రర్ ఒక్కటీ లేదు.

లార్జ్ డిఫ్లెక్షన్ ఆన్ చేస్తే ఉబ్బు పోతుంది. కానీ మళ్లీ అదే మూడో ప్రశ్న: ఏ క్షణంలో? స్టార్టింగ్ సెకనులోపు అయిపోయే పని. ఇలాంటి ప్లాస్టిక్ పైపులో మెలి పైకి పాకే వేగం సెకనుకు 560 మీటర్ల చొప్పున. అడుగున కుదుపు పైదాకా చేరడానికే సెకనులో మూడోవంతు పడుతుంది. కాబట్టి ఆ ఒకటింపావు చుట్టు స్టాటిక్ మెలి బోరులో నిజంగా జరిగేది కాదు. కావాల్సింది కాలంతో నడిచే అనాలిసిస్. లేదా అంతకంటే తెలివిగా, 200 మీటర్ల పైపును వదిలేసి ఒక్క జాయింటును, దాని మరలతో సహా, కాంటాక్టుతో మోడల్ చేసి రెండు దిక్కులకూ మార్చి మార్చి టార్క్ వేసి చూడటం. రైతుకి నష్టం జరిగేది అక్కడే. పైపు మధ్యలో కాదు, అతుకు దగ్గర. ఇంకా వైరు రాతికి రాసుకునే చోట.

ఇక మౌస్ పట్టుకోవచ్చు

ఆ ఒక్క జాయింటుకు టార్క్ ఎలా వేయాలి అన్నది ఇప్పుడు అర్థవంతమైన ప్రశ్న. ఇక్కడ కూడా మన ల్యాబ్ మాన్యువల్ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది. సాలిడ్ ఎలిమెంటు నోడ్‌కి మూడే స్వేచ్ఛలు: అటూ ఇటూ, ముందుకూ వెనక్కీ, పైకీ కిందకీ కదలడం. తిరగడం అనేది ఆ నోడ్‌కి తెలియదు. బీమ్, షెల్ ఎలిమెంట్లకు తెలుసు. అందుకే సాలిడ్ మోడల్‌లో ఒక నోడ్ మీద నేరుగా మూమెంట్ వేస్తే దాన్ని పట్టుకునే చెయ్యి లేదు. మూమెంట్‌ని ఎలాగోలా బలాలుగా మార్చి ముఖం మీద పంచాలి. మెనూలో మూమెంట్ బటన్ నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్ తెర వెనక చేసేది ఇదే. ఏ పద్ధతిలో పంచుతోందో మనం తెలుసుకోవాలి.

రెండోది. పంచే పద్ధతులు ముఖ్యంగా రెండు. ముఖం మీది నోడ్లన్నిటినీ మధ్యలో ఒక బిందువుకు ఇనుప చువ్వలతో కట్టేసినట్టు కట్టడం ఒకటి. నాస్ట్రాన్ వాళ్ల భాషలో ఆర్‌బీఈ2. ఇలా కడితే ఆ ముఖం రూపం మారదు, లేని గట్టిదనం వచ్చి చేరుతుంది. మీ పైపు చివరకు నిజంగానే బండలాంటి కప్లింగు ఉంటే ఇది సరే. రెండోది ఆర్‌బీఈ3. ఇది బలాన్ని నోడ్లకు పంచుతుంది కానీ ముఖాన్ని బిగించదు. అది వంగాలనుకుంటే వంగనిస్తుంది. ఇచ్చేవాడు గట్టివాడా, మెత్తనివాడా అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. చూశారా, మళ్లీ మొదటి ప్రశ్నే.

మూడోది. కొందరు అంచు నోడ్లన్నిటికీ సమానంగా స్పర్శరేఖ దిక్కులో బలాలు వేస్తారు. మొత్తం సరిపోవచ్చు. కానీ మెష్ ఒకవైపు దట్టంగా, ఇంకోవైపు పల్చగా ఉంటే బలం కూడా అలాగే ఒకవైపు ఎక్కువ పడుతుంది. టార్క్‌తో పాటు షాఫ్టును పక్కకు నెట్టే బలం ఉచితంగా వస్తుంది. మన టెక్స్ట్‌బుక్కుల బలయుగ్మం, అంటే రెండు సమాన వ్యతిరేక బలాలు, వేసినా ఫర్వాలేదు. అవి తగిలిన చోట స్ట్రెస్ మండిపోతుంది, దాన్ని నమ్మకూడదు. ఫ్రెంచి ఇంజినీరు సెయింట్ వెనాంట్ 19వ శతాబ్దంలోనే చెప్పింది ఇదే. లోడ్ వేసిన చోటుకు దూరంగా పోతే, ఎలా వేశావన్నది మరుగునపడి, ఎంత వేశావన్నదే మిగులుతుంది. దగ్గర మాత్రం ఎలా వేశావన్నదే అంతా.

నాలుగోది పట్టుకునే చివర. ఒక ముఖాన్ని ఫిక్స్ అని బిగించేస్తాం. గుండ్రటి షాఫ్టుకు పెద్ద నష్టం లేదు, ఎందుకంటే మెలి తిప్పినప్పుడు దాని అడ్డుకోత చదునుగానే ఉంటుంది. కీవే ఉన్నదానికో, షడ్భుజి తలకో, చదరపు రాడ్డుకో అలా కాదు. ఆ ముఖం మెలి తిరిగేటప్పుడు ముందుకూ వెనక్కూ వంకర పోవాలనుకుంటుంది. ఫిక్స్ చేస్తే ఆ వంకరను ఆపేశాం, లేని స్ట్రెస్ పుట్టించాం.

ఐదోది, అన్నిటికంటే చవకైనది. సాల్వ్ అయ్యాక రియాక్షన్ మూమెంట్ చూడండి. 12.4 ఇస్తే అక్కడ మైనస్ 12.4 రావాలి. రాకపోతే ఇంకో అడుగు వేయొద్దు. దీనికి ఒక్క క్లిక్కు చాలు. ఎన్ని రిపోర్టుల్లో ఈ అంకె ఉంటుందో మన లైబ్రరీలో పాత బ్యాచ్‌ల బైండింగులు తీసి మీరే చూడండి.

బెల్టు చెప్పే మాట

బోరు ఒక్కటే వింత కేసు అనుకునేవాళ్ల కోసం ఇంకొకటి. చెనక్కాయలు వలిచే మిషను. 5 హార్స్‌పవర్ మోటారు, బెల్టు, 300 మిల్లీమీటర్ల పుల్లీ, నిమిషానికి 400 చుట్లు తిరిగే షాఫ్టు అనుకుందాం. టార్క్ 89 న్యూటన్ మీటర్లు. మోడల్‌లో పుల్లీ చోట 89 మూమెంట్ వేసి వదిలేస్తే?

బెల్టు మూమెంట్ ఇవ్వదు. బెల్టు లాగుతుంది. బిగువు వైపు ఎక్కువ, వదులు వైపు తక్కువ. ఆ తేడాయే టార్క్. కానీ ఆ రెంటి మొత్తం షాఫ్టును పక్కకు గుంజుతుంది. బిగువు వైపు లాగుడు వదులు వైపుకు మూడు రెట్లు అనుకుంటే, తేడా సుమారు 593 న్యూటన్లు, మొత్తం సుమారు 1187 న్యూటన్లు. పుల్లీ బేరింగుకు 100 మిల్లీమీటర్లు బయటికి ఉంటే వంపు మూమెంట్ దాదాపు 119 న్యూటన్ మీటర్లు. టార్క్ కంటే ఎక్కువ! 30 మిల్లీమీటర్ల షాఫ్టుకు టార్షన్ స్ట్రెస్ సుమారు 17 మెగాపాస్కల్, వంపు స్ట్రెస్ సుమారు 45. పైగా షాఫ్టు తిరిగే ప్రతి చుట్టులో ఆ వంపు ఒకసారి లాగుడు, ఒకసారి నొక్కుడు. ఫెటీగ్‌తో విరగ్గొట్టేది అదే. టార్క్ అంకెను సరిగ్గా వేసి, టార్క్ ఇచ్చినవాణ్ణి మరిచిపోతే, షాఫ్టును విరగ్గొట్టే లోడు మోడల్‌లోకే రాలేదన్నమాట.

ఇంకా చిన్న ఉదాహరణ, బోల్టు. టార్క్ రెంచితో ఇంత అని బిగిస్తాం కదా అని మోడల్‌లో బోల్టు తల మీద ఆ టార్క్ వేస్తాం. బిగించాక జాయింటును పట్టి ఉంచేది బోల్టులో మిగిలిన లాగుడు. మనం ఇచ్చిన టార్క్‌లో ఎక్కువ భాగం రాపిడికే పోయింది. అక్కడ వేయాల్సింది బోల్టు ప్రీటెన్షన్.

"ఇవన్నీ ఎవరికి కావాలి?"

ఈ మాట మన హాస్టల్లోనే వినిపిస్తుందని తెలుసు. కంపెనీలకు సాఫ్ట్‌వేర్ వచ్చా అన్నదే కావాలి, ఫ్రీ బాడీ డయాగ్రామ్ థర్డ్ సెమ్‌లోనే అయిపోయింది కదా అని. నిజమే, రెజ్యూమెలో "ఫ్రీ బాడీ డయాగ్రామ్ వచ్చు" అని ఎవరూ రాసుకోరు. కానీ బటన్లు నొక్కడం ఏ యూట్యూబ్ వీడియో అయినా నేర్పుతుంది. వచ్చే ఏడు మెనూ మారిపోతుంది, ఆ బటన్ ఇంకో చోటికి పోతుంది. బోరు మోటారు పైపును ఎప్పుడు మెలి తిప్పుతుందన్నది మారదు. నాలుగేళ్లు ఫీజు కట్టి నేర్చుకోవాల్సింది ఈ రెండోదే.

టైమ్ లేదు అన్నది రెండో అభ్యంతరం. పైన వేసిన లెక్కలన్నీ కలిపి ఒక కాగితానికి రెండు వైపులా పడతాయి. మెష్ ఫెయిలైతే మనం రాత్రంతా మేలుకునే టైమ్‌లో పదోవంతు పట్టదు.

మూడోది కొంచెం సున్నితమైనది. ఇలాంటి సంగతులు ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంటాయి, మనకు ఎక్కడం లేదు అంటారు మన తెలుగు మీడియం మిత్రులు. ఆ పుస్తకాల అట్టలు ఒకసారి చూడండి. మనం ఎలక్టివ్‌కి చదివే ఫైనైట్ ఎలిమెంట్ పుస్తకాల్లో ఒకటి, 1982లో వచ్చినది, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివిన సింగిరేసు ఎస్. రావు గారిది. 1984లో వచ్చిన ఇంకొకటి ఉస్మానియాలో చదివిన జె.ఎన్. రెడ్డి గారిది. 1991లో వచ్చిన మరొకటి రాసిన ఇద్దరిలో ఒకరు వరంగల్ ఆర్‌ఈసీలో చదివిన తిరుపతి చంద్రుపట్ల గారు. ఈ సబ్జెక్టును ప్రపంచానికి పాఠంగా చెప్పినవాళ్లలో మనవాళ్లు ముగ్గురు ఉన్నారు. మరి ఈ సబ్జెక్టు గురించి మనం మనలో మనం తెలుగులో వాదించుకోవడానికి మొహమాటమెందుకు? ఇచ్చేదెవరు, పట్టుకునేదెవరు అన్న ప్రశ్నకు ఇంగ్లీషు అక్కర్లేదు. మోటారు దించే అన్నని అడిగినా స్టార్టింగ్‌లో ఏం జరుగుతుందో చేత్తో తిప్పి చూపిస్తాడు. ఆ చేతి తిప్పుడే సరైన బౌండరీ కండిషన్.

కాబట్టి నా ప్రతిపాదనలు మూడు. ఒకటి, ప్రతి అనాలిసిస్ ప్రాజెక్టు రిపోర్టులో కలర్ ప్లాట్ కంటే ముందు చేత్తో గీసిన ఒక పేజీ ఉండాలి. లోడ్ ఇచ్చేది, పట్టుకునేది, క్షణం, చేతిలెక్క. తెలుగులో రాసినా ఒప్పుకోవాలి. రెండు, కలర్ ప్లాట్ పక్కనే రియాక్షన్ విలువ ప్రింటు చేయాలి. అది లేని ప్లాటుకు రివ్యూలో మార్కులు వద్దు. మూడు, ఇంటర్నెట్‌లో దొరికే క్రాంక్‌షాఫ్టు మోడల్ ఫైళ్లు కొంతకాలం పక్కన పెడదాం. ఒక్కో బ్యాచ్ తమ ఊళ్లో తిరిగే ఒక్క యంత్రాన్ని తీసుకుని, స్కేలు పట్టుకుని కొలిచి, దాన్నే మోడల్ చేయాలి.

మా వైపు ఒక బోరు వేయించి మోటారు దించడమంటే చాలా ఇళ్లలో అప్పు. మోటారు లోపల పడిపోతే కొన్నిసార్లు ఆ బోరే పోతుంది. ఆ పైపు జాయింటు ఎన్ని స్టార్టులకు వదులవుతుందో, టార్క్ అరెస్టర్ ఎంత కుదుపును తీసుకుంటుందో, ఆటో స్టార్టర్ మోటారును ఎంత ఆగి మొదలుపెడితే మంచిదో లెక్క కట్టి చెప్పగల సాఫ్ట్‌వేర్ మన ల్యాబ్‌లో ఉంది, లైసెన్సుతో సహా. ఈ ఏడు ప్రాజెక్టు టైటిళ్లు ఇవ్వడానికి ఇంకా గడువుంది. ఆసక్తి ఉన్న నలుగురు దొరికితే ఒక జాయింటు, ఒక పైపు ముక్క నల్లమాడ నుంచి నేను తెస్తాను. మొదటి పేజీ చేత్తో గీద్దాం.